నీళ్ళెటు పోతున్నాయమ్మాయ్?

ఆవిడ పోయిందన్న కబురు తెలిసేటప్పటికి నేను కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో, ఆఫీసు కేఫెటేరియాలో ట్రే పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది ఆవిడ కూతురు. రెండున్నరేళ్ళుగా ఆ నంబరు నుంచి నాకు ఒక్క ఫోనూ రాలేదు.

"అమ్మ పోయింది. దిస్ మార్నింగ్. ఫ్యూనరల్ నేపర్‌విల్‌లోనే, డాడీ పక్కన. నువ్వు రావాలంటే రా," అంది.

ఆ మాటలో రమ్మనడం ఎంతుందో, వద్దనడం ఎంతుందో తేల్చుకోలేకపోయాను. ట్రే అక్కడే పెట్టేసి బయటికొచ్చి ఎండలో నిలబడ్డాను. చిత్రమేమిటంటే, ఆ క్షణంలో నాకు ఆవిడ మొహం గుర్తుకు రాలేదు. చేతులు గుర్తుకొచ్చాయి. చేపను ముట్టుకోబోయే ముందు ఏట్లో ముంచి తడుపుకునే పొట్టి వేళ్ళ చేతులు. పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీద జిగురు ఊడిపోతుందట, తర్వాత జబ్బు చేసి చచ్చిపోతుందట. "మనం వదిలేశాం కదా అని చేతులు దులుపుకుంటాం. అది మాత్రం వారం రోజులకి పోతుంది," అనేది.

నేను ఎమ్మెస్ చదవడానికి చికాగో పక్కనున్న నేపర్‌విల్‌కి వచ్చింది 2007లో. రూము వెతుక్కుంటుంటే, తెలుగు చర్చికి వెళ్ళే క్లాస్‌మేట్ ఒకమ్మాయి, నర్సాంటీ ఒకరున్నారు, ఒక్కరే ఉంటారు, మేడమీద గది ఖాళీగా ఉంది అని చెప్పింది. మాది కరీంనగర్. మేం చర్చివాళ్ళం కాదు. తర్వాత ఇబ్బంది రాకూడదని మొదటిరోజే గుమ్మంలోనే ఆ సంగతి చెప్పేశాను. ఆవిడ నా సూట్‌కేసు లోపలికి లాగుతూ, "నేను గది అద్దెకిస్తున్నానమ్మా, బాప్తిస్మం ఇవ్వట్లేదు," అంది.

అప్పటికి ఆవిడకు యాభై అయిదుంటాయి. బందరు దగ్గర సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరు. భర్త పోయి ఆరేళ్ళు. కూతురు పెళ్ళి చేసుకుని డాలస్‌లో ఉండేది. ఆవిడ పనిచేసే ఆసుపత్రి ఇంటికి పది నిమిషాల దూరం.

ఆవిడ నోట్లో ఎప్పుడూ ఉండే మాట 'మూడుసార్లు'. నర్సింగ్ స్కూల్లో నేర్పారట. "మందు అలమర్లోంచి తీసేప్పుడోసారి, కప్పులో పోసేప్పుడోసారి, పేషెంటుకి ఇచ్చేముందోసారి. పేరు మూడుసార్లు చదవాలి. రెండుసార్లు చాలదు, నాలుగోసారి అక్కర్లేదు." ఆ అలవాటు ఆసుపత్రి దాటి ఇంట్లోకీ వచ్చేసింది. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని తనే రాసిపెట్టుకుంది. అయినా ఉప్మాలో వేసేముందు దాన్ని మూడుసార్లు చూసేది. కారు తాళం వేశాక తలుపు మూడుసార్లు లాగి చూసేది. మొదట్లో నవ్వుకునేదాన్ని. ఏడాది తిరిగేసరికి నేనూ లాగి చూడటం మొదలుపెట్టాను.

ఇలాంటి మనిషి చేపలు పడుతుందంటే మొదట నమ్మలేదు. ఒక శనివారం తెల్లవారకముందే గరాజ్‌లో చప్పుడైతే కిందికి దిగి చూశాను. చుడీదారు మీద, ఛాతీదాకా వచ్చే రబ్బరు ప్యాంటు వేసుకుని కొలుచుకుంటోంది. దాన్ని వేడర్స్ అంటారని తర్వాత తెలిసింది.

ఆవిడకు చేపల పిచ్చి అంటించింది ఒక పేషెంటు. రిటైరైన పోస్ట్‌మాన్. కడుపు ఆపరేషన్ అయ్యి రెండు నెలలు ఆవిడ వార్డులో ఉన్నాడు. కట్టు మార్చేటప్పుడు నొప్పి తెలియకుండా ఉండటానికి కళ్ళు మూసుకుని, విస్కాన్సిన్‌లో తను ట్రౌట్ చేపలు పట్టే ఏటి గురించి చెప్పేవాడట. ఇక్కడో వంపు, అక్కడో రాయి, ఆ రాయి వెనక చేప. రోజుకో వంపు చొప్పున ఆవిడ ఆ ఏరంతా ఆయన మంచం పక్కనే తిరిగింది. ఆయన కోలుకున్నాక ఆయనా భార్యా ఆవిడను నిజంగానే తీసుకెళ్ళారు. రెండు వేసవులు నేర్పాడు. ఆయన చనిపోయాక భార్య ఆయన చేపలు పట్టే రాడ్ తెచ్చి ఈవిడ చేతిలో పెట్టింది.

"మొదటిసారి చూసినప్పుడు ఏమనిపించింది ఆంటీ?" అని అడిగాను ఒకసారి.

"వంపులన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి. ఒక్క రాయి గురించి మాత్రం అబద్ధం చెప్పాడు," అంది.

నన్ను మొదటిసారి తీసుకెళ్ళింది 2008 మే నెలలో. నాలుగు గంటల ప్రయాణం. మొక్కజొన్న పొలాలు అయిపోయి గుట్టలు మొదలవుతాయి. ఆ గుట్టల సందున ఆవులు మేసే బీడు మధ్యలోంచి పోతుంది ఏరు. ఈ ఒడ్డున నిలబడి మాట్లాడితే ఆ ఒడ్డున వినపడేంత చిన్నది. బోర్డు మీద మాత్రం రివర్ అని రాసి ఉంది.

"గిది రివరా ఆంటీ? మా దిక్కు దీన్ని వాగంటరు," అన్నాను.

"మావైపు పంటకాలవ అంటారు. అయినా దీనికి వినపడేట్టు అనకు," అంది.

ఊటనీళ్ళు. మే నెలలో కూడా కాళ్ళు జివ్వుమన్నాయి. ఈకలూ దారమూ చుట్టిన చిటికెన గోరంత గేలాన్ని ఈగలా నీటి మీద వాలేట్టు విసరాలి. నా గేలం ముందు వెనకున్న కంచెకు తగిలింది, తర్వాత ఒక ఆవుకు తగలబోయింది. ఆవిడ మాత్రం మోచెయ్యి కదపకుండా మణికట్టుతోనే విసిరేది. చేప పడగానే గబగబా లాగదు, పరిగెత్తనిస్తుంది. దగ్గరకొచ్చాక చేతులు తడుపుకుని, కడుపు కింద చెయ్యి పెట్టి గేలం తీస్తూ, చిన్నపిల్లకు సూది వేసేటప్పుడు మాట్లాడినట్టు మాట్లాడుతుంది. "ఏం లేదు నాన్నా, అయిపోయింది, అయిపోయిందిరా." గోధుమ రంగు ఒళ్ళు, పక్కల ఎర్ర చుక్కలు. చేప నీటి బయట ఉన్నంతసేపూ తనూ ఊపిరి బిగపట్టేది. వదిలాకే గట్టిగా పీల్చుకునేది.

"తినకపోతే మరి పట్టుడెందుకు ఆంటీ?"

గేలం ఆరబెట్టుకుంటూ అంది: "మా నాన్న తినడానికి పట్టాడు, తాత తినడానికి పట్టాడు. పడని రోజు మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. నేనొక్కదాన్నైనా ఊరికే పట్టకూడదా?"

చర్చిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ప్రతి ఆదివారం, "సిస్టర్, చేపలేవీ?" అనేవాడు. వదిలేశానంటే, "మరి అంతదూరం పోవడం ఎందుకు?" అని పదిమందిలో నవ్వేవాడు. ఆవిడ ఏడాదిపాటు ఓర్చుకుని, ఒకరోజు, "అన్నయ్యగారూ, మీరు గోల్ఫ్ ఆడొచ్చి బంతి కూర వండించుకుంటారా?" అంది. ఆ తర్వాత ఆయన అడగలేదు.

2009లో నా చదువైపోయింది. ఉద్యోగాలు లేవు. చదువయ్యాక పని వెతుక్కోవడానికిచ్చే ఓపీటీ గడువులో రోజులు కరిగిపోతున్నాయి, ఇంటర్వ్యూలు రావడం లేదు. మా నాన్నకు ఫోన్ చేయడం మానేశాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. ప్రార్థన చేస్తాననీ అనలేదు, చేసే ఉంటుంది. శనివారం పొద్దున్నే నా గది కింద నిలబడి పిలిచేది: "నీకివాళ పనేమన్నా ఉందా? లేదుగా. బూట్లేసుకో." ఆ వేసవంతా వెళ్ళాం. ముడి వేయడం అప్పుడే నేర్పింది. అయిదు చుట్లు, వెనక్కి దూర్చు, ఉమ్మితో తడుపు, లాగు. తోవ తప్పకుండా ఉండే ఉపాయమూ చెప్పింది. మనం ఎప్పుడూ ప్రవాహానికి ఎదురు నడుస్తాం. కాబట్టి కారు ఎప్పుడూ నీళ్ళు పోయే వైపే ఉంటుంది. ఎక్కడున్నావో తెలియకపోతే కిందికి చూడు, అంతే.

ఆ శీతాకాలంలో చికాగో డౌన్‌టౌన్‌లో ఉద్యోగం దొరికింది. ఆవిడ ఇల్లు విడిచి వెళ్ళబుద్ధి కాలేదు. పొద్దున్నే రైలెక్కి పోయి, సాయంత్రం ఆవిడ చేపల పులుసుకు తిరిగి వచ్చేదాన్ని. ఆ చేప అంగట్లో కొన్నదే.

2011 మే మొదటి శనివారం. వెళ్ళగానే గేలం కట్టబోతూ ఆవిడ ఆగిపోయింది. దారం రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తోంది. రెండు చుట్లు చుట్టి విప్పింది. మళ్ళీ చుట్టి విప్పింది. "చలికి వేళ్ళు పనిచెయ్యట్లేదు, నువ్వు కట్టు," అంది. కట్టిచ్చాను. అంత చలేం లేదు.

మధ్యాహ్నం నేను కింది వంపు దగ్గరే ఉండిపోయాను, ఆవిడ పైకి వెళ్ళింది. రెండింటికి తిండికి వస్తానన్న మనిషి మూడైనా రాలేదు. వెతుక్కుంటూ వెళ్ళాను. కంచె దాటాక కనిపించింది. ఏటి మధ్యలో తొడల లోతు నీళ్ళలో నిలబడి ఉంది. రాడ్ చంకలో ఉంది, దారమంతా వదులై నీటి మీద సాగిపోతోంది. పిలిస్తే తిరిగింది. భయపడ్డ మొహం కాదు. మర్యాదగా ఉంది ఆ మొహం, కొత్త ఊళ్ళో దారి అడిగేవాళ్ళ మొహంలా.

"నీళ్ళెటు పోతున్నాయమ్మాయ్?" అని అడిగింది.

నీళ్ళు ఆవిడ కాళ్ళను ఒరుసుకుంటూ పోతున్నాయి. ఆకులు పోతున్నాయి, నురగ పోతోంది, ఆవిడ చేతిలోంచి జారిన దారం కూడా అటే పోతోంది. నేను ఏటిలోకి దిగి చెయ్యి పట్టుకున్నాను. "ఇటు ఆంటీ," అన్నాను. నాతో నడిచింది. కారు దగ్గరకొచ్చేసరికి మామూలు మనిషైపోయింది. ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో కారు నేనే నడిపాను. చాలా దూరం వచ్చాక తనే మొదలుపెట్టింది.

"నాకు తెలుసు. నాకు తెలీకుండా ఉంటుందా? ఇలాంటివాళ్ళకి ఎంతమందికి స్నానాలు చేయించాను."

"డాక్టర్‌కి చూపించిన్రా?"

"చూపిస్తే చార్టులోకి ఎక్కుతుంది. ఎక్కితే ఉద్యోగం పోతుంది. మా పిల్లకి సెప్టెంబర్లో డెలివరీ. ఇప్పుడు తెలిస్తే ఆ కడుపేసుకుని పరిగెత్తుకొస్తుంది. పురుడయ్యాక నేనే చెప్తాను. అప్పటిదాకా నువ్వు ఎవరికీ చెప్పకు."

"వార్డుల ఎట్ల ఆంటీ?"

"ఇదివరకు మూడుసార్లు చదివేదాన్ని. ఇప్పుడు అయిదుసార్లు చదువుతున్నాను. మాటివ్వు."

ఇచ్చాను. ఎందుకిచ్చానో ఇన్నేళ్ళలో చాలా కారణాలు చెప్పుకున్నాను. ఆవిడ మీద ప్రేమ అని, గౌరవమని. అవి నిజమే. కానీ ఇంకోటి కూడా ఉంది. అంత పెద్దావిడ, కూతురికి చెప్పని మాట నాకు చెప్పింది. ఆ సంగతి నాకు లోపల గర్వంగా ఉండింది.

ఆ తర్వాత రెండు నెలలు ఇంట్లో కాపలావాడిలా బతికాను. ఆవిడ వెనకే వంటింట్లోకి వెళ్ళి స్టవ్ చూసేదాన్ని. ఫ్రిజ్ మీద చీటీలు పెరిగాయి. ఒకటి తన ఫోన్ నంబరు, ఒకటి వారాల పేర్లు. ఆదివారం కూతురు ఫోన్ చేస్తే ఆవిడ ఎప్పటికంటే హుషారుగా మాట్లాడేది, ఉయ్యాల ఏ రంగుది కొనాలో చెప్పేది. పెట్టేశాక కుర్చీలో కూలబడేది. పరీక్ష రాసి వచ్చినట్టుండేది. ఏటికి వెళ్దామని నేను అనలేదు, ఆవిడా అనలేదు. రైల్లో కూర్చుంటే నాకు వార్డు కనిపించేది. ఆ మంచాల మీద ఎవరో ఒకరి నాన్న, ఎవరో ఒకరి పిల్ల. దిగి ఫోన్ చేద్దామనుకునేదాన్ని. ఆఫీసు రాగానే పనిలో పడిపోయేదాన్ని.

జూలైలో ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫారం తీయకుండానే టేబుల్ దగ్గర కూర్చుంది.

"ఇవాళ ఒక ముసలాయనకి బీపీ మాత్ర తీసుకెళ్ళాను. 'ఇందాకే ఇచ్చావు కదా' అన్నాడు. వెళ్ళి చూస్తే నిజంగానే ఇచ్చాను. నా సంతకమే ఉంది," అంది. బూట్ల లేసులు విప్పుకుంటూ, "మంచివాడు. ఎవరికీ చెప్పనన్నాడు," అంది.

"ఆంటీ, బంద్ చేయున్రి. రేపటినుంచి పోవద్దు."

"అయిదుసార్లు చదివాను, అమ్మాయ్. పేరు కరెక్టే. మందు కరెక్టే."

"ఆయన నిద్రపోతుంటే?"

ఆవిడ నన్ను చూసింది. "నువ్వు మాటిచ్చావు," అంది.

మర్నాడు పొద్దున ఆవిడ సెలవు. స్నానానికి వెళ్ళినప్పుడు నేను బయట కారులో కూర్చుని కూతురికి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. అటువైపు ఏడుపు వినపడుతుందనుకున్నాను. వినపడలేదు. "హౌ లాంగ్?" అని అడిగింది. మే నుంచి అన్నాను. ఫోన్ పెట్టేసింది.

మూడోరోజుకి వచ్చేసింది, ఏడోనెల కడుపుతో. వంటింట్లో తల్లీ కూతుళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు. ఆవిడ పప్పుకు పోపు వేస్తోంది.

"ఎవరు చెప్పారు?" అని అడిగింది, తెలిసీ.

"నేనే," అన్నాను.

స్టవ్ ఆపేసింది. కూతురు ఒప్పించాల్సిన పనిలేకపోయింది. సోమవారం పొద్దున యూనిఫారం ఇస్త్రీ చేసుకుని, వేసుకుని, జుట్టు ముడి వేసుకుని, డ్యూటీ లేని రోజున కూతురితో ఆసుపత్రికి వెళ్ళింది. తన పై నర్సు గది తలుపు తనే కొట్టి, తనే కూర్చుని, ముసలాయన మాత్ర సంగతితో సహా తన నోటితో చెప్పుకుందట. ఎవరికీ అపాయం జరగలేదని తర్వాత వాళ్ళు రికార్డులన్నీ చూసి తేల్చారు. నలభై నిమిషాల్లో తిరిగి వచ్చింది. మెడలో బ్యాడ్జి లేదు.

నేనున్న నాలుగేళ్ళలో ఆవిడ ఎన్నడూ మేడ మెట్లెక్కి నా గదికి రాలేదు. ఆరోజు వచ్చింది. గుమ్మంలో నిలబడి, "నువ్వు చేసింది కరెక్టే. నాకు అర్థమవుతోంది. కానీ నిన్ను చూస్తూ ఈ ఇంట్లో ఉండలేను. గది ఖాళీ చెయ్యమ్మా," అంది.

వారంలో ఖాళీ చేశాను. పెట్టెలు కారులో పెడుతుంటే ఆవిడ వెనక పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తోంది. వెళ్ళొస్తానన్నాను. పైపు కట్టలేదు. ఆ నెల్లోనే కూతురు ఆవిడను డాలస్ తీసుకెళ్ళింది. నాకు సన్నీవేల్‌లో ఉద్యోగమొచ్చింది. కూతురికి మెసేజ్‌లు పెట్టాను, ఆంటీ ఎలా ఉన్నారని. 'ఓకే' అని ఒకసారి వచ్చింది. పాప పుట్టిందని వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. ఒక కార్డు పంపాను. జవాబు లేదు. ఆవిడకు నా మొహం చూడటం ఇష్టం లేదని అనుకుని ఊరుకున్నాను.

ఫ్యూనరల్‌కి వెళ్ళాను. మార్చి నెల. సమాధుల మధ్య మంచు ఇంకా మురికి కుప్పలుగా ఉంది. తెలుగులో పాటలు పాడారు. అయ్యాక చర్చి హాల్లో భోజనాలు. గోల్ఫ్ పెద్దాయన నా పక్కన కూర్చుని, కన్నీళ్ళు కారుస్తూ తిన్నాడు. అందరూ వెళ్ళాక వంటగదిలో గిన్నెలు కడుగుతూ కూతురు కనిపించింది. నేను తువాలు తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. పాప బయట రెండు కుర్చీల మీద నిద్రపోతోంది.

"నాకు కోపం ఉండె నీ మీద," అంది, గిన్నెలోంచి తలెత్తకుండా. ఆమె తెలుగు అమెరికా యాసలో ఆగి ఆగి వస్తుంది.

"మాట తప్పినందుకు ఆంటీకి కూడా..."

"నో. కాల్ చేసినందుకు కాదు. అది గుడ్. టూ మంత్స్ నువ్వు చెప్పలేదు. టూ మంత్స్ మా అమ్మ అలా వర్క్‌కి వెళ్ళింది. ఎవరికైనా ఏమైనా ఐతే? అమ్మ లైఫ్ అంతా ఒక మిస్టేక్ చెయ్యలేదు. లాస్ట్‌లో చేసేది. నీ వల్ల."

నేను ఇన్నేళ్ళూ ఆ ఉదయం కారులో కూర్చుని చేసిన ఫోన్ గురించే బాధపడ్డాను. ఆ రెండు నెలలు నమ్మకంగా ఉన్నాననే అనుకున్నాను. తుడుస్తున్న గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

"ఇంకోటి చెప్పాలి," అంది. కుళాయి కట్టేసింది. "అమ్మ నీ నంబర్ అడిగేది. డాలస్ వచ్చినాక. చాలాసార్లు. నేను ఇవ్వలేదు."

"ఎందుకడిగింది?"

"తెలీదు. 'ఆ అమ్మాయితో ఒకసారి మాట్లాడాలి' అనేది. నేను రేపు అనేదాన్ని. తర్వాత నీ పేరు మర్చిపోయింది. అప్పుడు కూడా అడిగింది, 'ఆ అమ్మాయి' అని. 'ఏ అమ్మాయమ్మా' అంటే చెప్పలేదు. ట్రై చేసేది, వచ్చేది కాదు. నాకు తెలుసు ఎవరో. నేను హెల్ప్ చెయ్యలేదు." ఆమె నా చేతిలో గిన్నె తీసి పక్కన పెట్టింది. "ఒకరోజు అడగడం ఆపేసింది."

బయట పాప లేచి ఏడ్చింది. కూతురు చేతులు తుడుచుకుని వెళ్ళింది. మిగిలిన గిన్నెలు నేనే కడిగి, తుడిచి, బోర్లించి వచ్చాను. నేను వెళ్ళేటప్పుడు ఆమె పాపను ఎత్తుకునే ఉండి నన్ను ఒక చేత్తో దగ్గరికి తీసుకుంది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. విమానం ఎక్కేదాకా ఉంది. ఆ తర్వాత అది ఎవరి మీదో తెలియలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. ఆవిడ నాతో ఏం చెప్పాలనుకుందో నాకిక తెలియదు. క్షమించానని చెప్పడానికి అయితే, ఆ మాట నాకు అందకుండానే ఆవిడ మనసులోంచి జారిపోయింది. అది తలుచుకుంటే కూర్చోలేను. అందుకని, నన్ను కడుపారా తిట్టడానికే అడిగి ఉంటుందని అనుకుంటాను. అలా నమ్మగలిగిన రోజున నిద్ర పడుతుంది.